రాష్ట్రం దాటిన కార్మికునికి ప్రమాద నష్టపరిహారం – యజమాని బాధ్యతలు
(ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల నేపథ్యంలో)

నారాయణపేట, కోస్గి, మద్దూరు ప్రాంతాల నుంచి ముంబై, పుణె నగరాలకు నిర్మాణపు పనులకు వెళ్లిన కార్మికుడు అక్కడ ప్రమాదంలో మరణించినపుడు నష్టపరిహారం ఎవరు చెల్లించాలి, ఏ రాష్ట్రపు అధికారి ఎదుట కోరాలి అనే ప్రశ్నలు తరచుగా ఉత్పన్నమవుతూ ఉంటాయి. నల్లగొండ జిల్లాలోని రైస్ మిల్లులో బీహార్ హమాలీ గాయపడినపుడు, ఇటుక బట్టీలో ఒడిశా కార్మికుడు మరణించినపుడు ఇదే ప్రశ్న తిరగబడి ఎదురవుతుంది. రెండింటికీ సమాధానం ఒక్కటే. బాధ్యత యజమానిది. రాష్ట్ర సరిహద్దు ఆ బాధ్యతను తగ్గించదు, మార్చదు. దరఖాస్తును మాత్రం కుటుంబం తన సొంత జిల్లాలోనే దాఖలు చేసుకొనవచ్చును. 1995 సెప్టెంబరు 15 నుంచి అమలులో ఉన్న ఈ సదుపాయం గురించి వలస గ్రామాలలో తెలిసినవారు నేటికీ తక్కువే.

అమెరికా వంటి దేశాలలో కార్మికుల నష్టపరిహారం ఒక్కొక్క రాష్ట్రపు సొంత చట్టం ప్రకారం నడుస్తుంది. అక్కడ యజమాని మరో రాష్ట్రానికి కార్మికులను పంపదలచుకుంటే ఆ రాష్ట్రపు బీమా నిబంధనలను విడిగా పాటించవలసి ఉంటుంది. భారతదేశంలో ఈ చిక్కు లేదు. దేశమంతటికీ ఒకే కేంద్ర చట్టం, ఒకే లెక్క, ఒకే రేటు వర్తిస్తాయి. చిక్కు అమలులో ఉన్నది. ప్రమాదం ఒక రాష్ట్రంలో, కుటుంబం మరొక రాష్ట్రంలో, గుత్తేదారు కార్యాలయం మూడవ రాష్ట్రంలో ఉన్నపుడు బాధ్యత చేతులు మారుతూ చివరకు ఎవరికీ చెందకుండా పోయే ప్రమాదమున్నది.

వలసల నేపథ్యం

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా మట్టిపనికి, రాతిపనికి, ఆనకట్టల నిర్మాణానికి దేశమంతటా కార్మికులను పంపిన ప్రాంతం. "పాలమూరు లేబర్" అన్న మాట నిర్మాణ రంగంలో ఒక వ్యవహార పదంగా స్థిరపడింది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి 1967లో ప్రారంభమైన నాగార్జునసాగర్ నిర్మాణంలోనూ ఈ జిల్లా కూలీల శ్రమ ఉన్నది. గుంపు మేస్త్రీ సీజనుకు ముందుగా అడ్వాన్సు ఇచ్చి, కుటుంబాలతో సహా కూలీలను తీసుకుపోవడం ఇక్కడి పద్ధతి. వర్షాభావం, రాతినేలలు, కృష్ణా, తుంగభద్ర నదులు పక్కనే పారుతున్నా సాగునీరు అందకపోవడం ఈ వలసలకు మూలకారణాలు. లంబాడా తండాల నుంచి ముంబైకి వెళ్లే బస్సు ఈ వలసకు గుర్తుగానే జనం నోట నిలిచింది. నల్లగొండ జిల్లా నుంచి పద్మశాలీ కుటుంబాలు భివండీ, సూరత్, షోలాపూర్ మరమగ్గాల కేంద్రాలకు వెళ్లి స్థిరపడ్డాయి.

గత రెండు దశాబ్దాలలో ప్రవాహం రెండు దిక్కులా సాగుతున్నది. మిర్యాలగూడ రైస్ మిల్లులలో, వాడపల్లి, మేళ్లచెరువు ప్రాంతాల సిమెంటు పరిశ్రమలలో, దామరచర్ల మండలం వీర్లపాలెం వద్ద నిర్మించిన యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రంలో, పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకం పనులలో బీహార్, జార్ఖండ్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాల కార్మికులు పనిచేశారు, చేస్తున్నారు. కార్మికులను పంపే జిల్లాలే కార్మికులను రప్పించుకునే జిల్లాలు కూడా అయినాయి. కాబట్టి ఇక్కడి అధికారులకు ఈ చట్టం రెండు వైపుల నుంచీ తెలిసి ఉండవలసిన అవసరం ఏర్పడింది.

మరొక మార్పు 2014 జూన్ 2న వచ్చింది. ఆ రోజు నుంచి కృష్ణానది రాష్ట్ర సరిహద్దు అయింది. అంతవరకు మిర్యాలగూడ నుంచి నది దాటి ఆవలి ఒడ్డున దాచేపల్లి, మాచర్ల ప్రాంతాలలో పనిచేసిన కార్మికుడు జిల్లా మాత్రమే దాటినవాడు. ఆ మరుసటి ఉదయం అదే పనికి వెళ్లినవాడు రాష్ట్రం దాటినవాడు. ప్రమాద నష్టపరిహారానికి సంబంధించినంతవరకు ఇందువల్ల అతని హక్కు ఏమాత్రం మారలేదు. గుత్తేదారు ద్వారా నియమితుడైతే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టపు రక్షణ అదనంగా చేరింది.

చట్టం

కార్మికుల నష్టపరిహార చట్టం 1923లో ఆమోదం పొంది 1924 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. 2009 నాటి సవరణతో, 2010 జనవరి 18 నుంచి, ఇది ఉద్యోగుల నష్టపరిహార చట్టంగా పేరు మార్చుకున్నది. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్, 2020 అమలులోకి రావడంతో ఈ చట్టం రద్దయి, దాని నిబంధనలు అత్యధికంగా కోడ్‌లోని ఏడవ అధ్యాయంలో చేరినాయి. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాలకు సంబంధించిన హక్కులు, బాధ్యతలు పాత చట్టం ప్రకారమే నిర్ణయం కావలసి ఉన్నందున, ప్రస్తుతం కమిషనర్ల ఎదుట ఉన్న దరఖాస్తులను అర్థం చేసుకొనుటకు 1923 చట్టపు పరిజ్ఞానం ఇంకా అవసరం. ఈ వ్యాసంలో సెక్షన్ల సంఖ్యలు పాత చట్టానివే.

చట్టపు మూలసూత్రం 3వ సెక్షన్‌లో ఉన్నది. పని కారణంగా, పనిలో ఉండగా సంభవించిన ప్రమాదం వల్ల మరణం లేదా అంగవైకల్యం కలిగితే యజమాని నష్టపరిహారం చెల్లించాలి. యజమాని తప్పు చేసినట్లు నిరూపించవలసిన అవసరం లేదు. మద్యం సేవించి ఉండటం, భద్రతా నిబంధనను బుద్ధిపూర్వకంగా ఉల్లంఘించడం వంటి మినహాయింపులు ఉన్నాయి. అయితే మరణానికి, శాశ్వత పూర్తి అంగవైకల్యానికి ఆ మినహాయింపులు వర్తించవు. "తాగి ఎక్కాడు, పడిపోయాడు" అన్న మాటతో మరణ పరిహారం కేసును యజమాని తప్పించుకొనజాలడు. తాత్కాలికంగా పనికి వచ్చిన కూలీలను మినహాయించే పదాలను 2000 నాటి సవరణ తొలగించింది. నాలుగు రోజుల పనికి పిలిచిన కూలీ అన్న వాదన అప్పటి నుంచి నిలవదు.

కార్మికరాజ్య బీమా సంస్థ పరిధిలోని కార్మికునికి ప్రమాద ప్రయోజనాలు ఆ సంస్థ నుంచే లభిస్తాయి. అదే గాయానికి యజమాని నుంచి మళ్లీ ఈ చట్టం క్రింద పరిహారం కోరే వీలు లేదు. కార్మికునికి కార్మికరాజ్య బీమా నంబరు ఉన్నదా లేదా అన్నది విచారణలో మొదట తేలవలసిన అంశం.

బీమా: విధియా, ఐచ్ఛికమా

ఇది అపోహకు తావిచ్చే విషయం. 1923 చట్టం యజమానిపై చెల్లింపు బాధ్యతను మోపిందే తప్ప, ఆ బాధ్యతకు బీమా తీసుకోవాలని ఆదేశించలేదు. డ్రైవర్ వంటి వాహన సిబ్బంది విషయంలో మాత్రం మోటారు వాహనాల చట్టం 147వ సెక్షన్ ప్రకారం వాహన పాలసీలోనే ఈ బాధ్యత తప్పనిసరిగా ఇమిడి ఉంటుంది. తక్కిన యజమానులు తీసుకునే పాలసీ స్వచ్ఛందం లేదా గుత్త ఒప్పందపు షరతు. బీమా లేదు కనుక పరిహారం లేదన్న జవాబు చట్టరీత్యా చెల్లదు. బీమా లేకపోతే యజమాని తన సొంత సొమ్ము చెల్లించాలి. యజమాని దివాలా తీసిన సందర్భంలో, పాలసీ ఉన్నట్లయితే, బీమా కంపెనీపై అతనికున్న హక్కులు 14వ సెక్షన్ ప్రకారం కార్మికునికి సంక్రమిస్తాయి.

పాలసీ ఉన్నంతమాత్రాన కూడా నిశ్చింత లేదు. ప్రీమియం నిర్ణయానికి ఆధారం యజమాని ప్రకటించిన కార్మికుల సంఖ్య, వారి పని స్వభావం, వేతనాలు, పని స్థలం. మహబూబ్‌నగర్ సమీపంలోని పనికి తీసుకున్న పాలసీని పెట్టెలో పెట్టుకుని, అదే గుంపును మహారాష్ట్రలోని మరొక పనికి తరలించిన గుత్తేదారు, మార్పును కంపెనీకి తెలిపి పాలసీలో నమోదు చేయించుకొననిచో ప్రమాదం జరిగిన తరువాత వివాదం తప్పదు. 40 మంది పనిచేసే చోట 15 మందినే ప్రకటించడం మరొక తరహా లోపం. ఈ వివాదం యజమానికీ బీమా కంపెనీకీ మధ్యది. కార్మికుని పట్ల యజమాని బాధ్యత అలాగే ఉంటుంది.

ఆలస్యపు వడ్డీ, జరిమానా ఎవరిపై పడతాయన్న ప్రశ్నపై సుప్రీంకోర్టు తీర్పులు ఉన్నాయి. వాహన బీమాకు సంబంధించి 1997 నాటి వేద్‌ప్రకాశ్ గార్గ్ కేసులో పరిహారంతో పాటు వడ్డీ కూడా బీమా కంపెనీ భరించాలనీ, జరిమానా మాత్రం యజమానిదేననీ తేల్చింది. 2006 నాటి హర్షద్‌భాయి కేసులో, స్వచ్ఛంద పాలసీ విషయంలో వడ్డీ బాధ్యతను ఒప్పందం ద్వారా మినహాయించుకునే స్వేచ్ఛ కంపెనీకి ఉన్నదని పేర్కొన్నది. కాబట్టి పాలసీ తీసుకునే యజమాని ఆ మినహాయింపు ఉన్నదో లేదో చదివి చూసుకొనవలెను. వైద్య ఖర్చుల విషయమూ అంతే. 2009 సవరణ తరువాత చికిత్సకు అయిన వాస్తవ వ్యయాన్ని యజమాని తిరిగి చెల్లించవలసి ఉండగా, పాలసీ దానిని అదనపు ప్రీమియం మీద మాత్రమే, అదీ ఒక పరిమితికి లోబడి భరించవచ్చును.

పరిహారం లెక్క

మరణం సంభవిస్తే నెల వేతనంలో 50 శాతాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించాలి. శాశ్వత పూర్తి అంగవైకల్యానికి 60 శాతం. కనీస మొత్తాలు 2010 నుంచి వరుసగా రూ. 1,20,000, రూ. 1,40,000. లెక్కకు తీసుకునే వేతనానికి పరిమితి ఉన్నది. ఇది 2000 డిసెంబరు నుంచి రూ. 4,000, 2010 మే 31 నుంచి రూ. 8,000, 2020 జనవరి 3 నుంచి రూ. 15,000.

30 ఏళ్ల వయసుకు గుణకం 207.98. రూ. 15,000 లేదా అంతకు మించిన వేతనం గల 30 ఏళ్ల కార్మికుడు 2020 జనవరి 3 తరువాత, పాత చట్టం అమలులో ఉండగా మరణించి ఉంటే పరిహారం 7,500 × 207.98, అనగా రూ. 15,59,850. 2010 వేసవి తరువాత, 2020కి ముందు జరిగిన ప్రమాదమైతే రూ. 8,31,920. అంతకు పూర్వపు దశాబ్దంలో రూ. 4,15,960. వయసు పెరిగేకొద్దీ గుణకం తగ్గుతుంది. 40 ఏళ్లకు 184.17, 50 ఏళ్లకు 153.09. పని స్థలంలో కుటుంబం చేతిలో పెట్టే మొత్తం ఎంత తక్కువో ఈ అంకెలతో పోల్చి చూస్తే తెలుస్తుంది.

చెల్లించవలసిన బాధ్యత ప్రమాదం జరిగిన నాడే ఏర్పడుతుందని 1976లో ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కమిషనర్ ఉత్తర్వు వచ్చేవరకు వేచి ఉండుట కుదరదు. నెల దాటితే 12 శాతం వడ్డీ, తగిన కారణం చూపలేకపోతే 50 శాతం వరకు జరిమానా విధించే వీలు 4ఎ సెక్షన్‌లో ఉన్నది. పైన చెప్పిన రూ. 15,59,850 మీద ఒక సంవత్సరపు వడ్డీయే రూ. 1,87,182. యజమాని మొత్తం బాధ్యతను అంగీకరించకపోయినా, అంగీకరించిన మేరకు తాత్కాలిక చెల్లింపు చేయాలి. ఇది చాలా మంది యజమానులు పాటించని నిబంధన.

ఎక్కడ దరఖాస్తు చేయాలి

1995కు ముందు దరఖాస్తు ప్రమాదం జరిగిన ప్రాంతపు కమిషనర్ ఎదుటనే చేయవలసి ఉండేది. పుణెలో భర్తను పోగొట్టుకున్న కొడంగల్ ప్రాంతపు మహిళ భాష తెలియని కార్యాలయం చుట్టూ, ఒక్కొక్క వాయిదాకూ రెండు రోజుల ప్రయాణం చేస్తూ తిరగవలసి వచ్చేది. చాలా మంది తిరగలేదు. ఆ సంవత్సరపు సవరణ 21వ సెక్షన్‌ను మార్చి మూడు అవకాశాలు కల్పించింది. ప్రమాదం జరిగిన ప్రాంతం, కార్మికుడు లేదా ఆశ్రితులు సాధారణంగా నివసించే ప్రాంతం, యజమాని రిజిస్టర్డ్ కార్యాలయం ఉన్న ప్రాంతం – ఈ మూడింటిలో ఏ ప్రాంతపు కమిషనర్ ఎదుటనైనా దరఖాస్తు దాఖలు చేయవచ్చును. ఎంపిక హక్కుదారుదే. 2007లో మోర్గినా బేగం కేసులో సుప్రీంకోర్టు, కార్మికుని కుటుంబానికి సౌలభ్యం కలిగించుటకే ఈ సవరణ వచ్చిందన్న దృష్టితో, నివాస ప్రాంతంలో దాఖలైన దరఖాస్తును సమర్థించింది.

ఇందుకు ఒక షరతు ఉన్నది. ప్రమాద స్థలం తన పరిధిలో లేని కమిషనర్, ఆ స్థలంపై అధికార పరిధి గల కమిషనర్‌కు, సంబంధిత రాష్ట్ర ప్రభుత్వానికి నోటీసు ఇచ్చిన తరువాతనే విచారణ సాగించాలి. ఈ నోటీసు ఇవ్వకుండా వెలువడిన ఉత్తర్వు అప్పీలులో అభ్యంతరానికి గురయ్యే అవకాశమున్నది కనుక దీనిని లాంఛనంగా భావించరాదు. యజమాని అప్పటికే ప్రమాద ప్రాంతపు కమిషనర్ వద్ద సొమ్ము జమచేసి ఉంటే, విచారణ జరుపుతున్న కమిషనర్ ఆ సొమ్మును, రికార్డులను తెప్పించుకొనవచ్చును. కోరినపుడు పంపడం మొదటి కమిషనర్‌కు విధి.

దరఖాస్తుకు గడువు ప్రమాదం లేదా మరణం జరిగిన నాటి నుంచి రెండు సంవత్సరాలు. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కు ఉన్నది. 2009 సవరణ ప్రకారం విచారణ మూడు నెలలలో ముగియాలి. న్యాయవాది తప్పనిసరి కాదు. రిజిస్టరైన కార్మిక సంఘపు ప్రతినిధి కూడా హాజరు కావచ్చును. ఉత్తర్వుపై హైకోర్టుకు వెళ్లదలచిన యజమాని ముందుగా మొత్తం సొమ్మును కమిషనర్ వద్ద జమచేసిన ధ్రువపత్రం జతపరచాలి. చెల్లించనిచో భూమిశిస్తు బకాయిల వలె వసూలు చేయవచ్చును.

రాతి క్వారీలలో, కంకర మిల్లులలో దుమ్ము పీల్చి సిలికోసిస్‌కు గురైన కార్మికుల విషయం మరింత క్లిష్టమైనది. ఈ వ్యాధి ఒక్క రోజు ప్రమాదం కాదు. కార్మికుడు ఊరు చేరిన కొన్నేళ్లకు బయటపడవచ్చును. అప్పటికి అతడు రెండు మూడు రాష్ట్రాలలో అయిదారుగురు యజమానుల వద్ద పనిచేసి ఉంటాడు. చట్టం దీనిని ముందుగానే ఊహించింది. మూడవ షెడ్యూలు సి భాగంలోని వృత్తి వ్యాధులకు ఆ యజమానులందరూ, కమిషనర్ న్యాయమని తలచిన నిష్పత్తిలో, బాధ్యులవుతారు. ఆచరణలో అవరోధం కాగితాలది. ఎక్కడ ఎన్నాళ్లు పనిచేసినదీ తెలిపే పత్రం ఏదీ కార్మికుని చేతిలో ఉండదు.

మేస్త్రీ, గుత్తేదారు, అసలు యజమాని

పాలమూరు వలసలో కార్మికునికి తెలిసినవాడు మేస్త్రీ ఒక్కడే. మేస్త్రీ పై గుత్తేదారు, అతని పై పెద్ద గుత్తేదారు, అందరి పైన భవన నిర్మాణ సంస్థ లేదా ప్రభుత్వ శాఖ ఉంటాయి. ప్రమాదం జరిగినపుడు ఒకరు మరొకరి వైపు చూపించడం సాధారణం. 12వ సెక్షన్ ఈ గొలుసును తెంచివేసింది. తన వ్యాపారంలో భాగమైన పనిని గుత్తేదారు ద్వారా చేయించుకునే అసలు యజమాని, తానే నేరుగా నియమించుకున్న కార్మికునికి వలెనే పరిహారం చెల్లించాలి. ఆ తరువాత గుత్తేదారు నుంచి రాబట్టుకొనవచ్చును. ప్రమాదం అసలు యజమాని పని చేపట్టిన ఆవరణలో లేదా అతని అదుపులోని చోట జరిగి ఉండాలన్నది ఇందలి పరిమితి. కార్మికుడు కోరుకుంటే గుత్తేదారు నుంచే వసూలు చేసుకునే హక్కు కూడా ఉన్నది.

పని స్థలంలో జరిగే రాజీల గురించి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. మరణం సంభవించిన వెంటనే శవాన్ని ఊరికి చేర్చే ఏర్పాటుతో పాటు కొంత నగదు ఇచ్చి, ఇక ఎటువంటి హక్కు లేదని తెల్లకాగితం మీద వేలిముద్ర తీసుకోవడం వలస ప్రాంతాలలో అందరికీ తెలిసిన విషయమే. 8వ సెక్షన్ ప్రకారం మరణ పరిహారాన్ని కమిషనర్ వద్ద జమచేయాలి. నేరుగా ఇచ్చినది పరిహారం చెల్లింపుగా పరిగణించబడదు. మూడు నెలల వేతనానికి మించని ముందస్తు చెల్లింపునకు మాత్రమే అనుమతి ఉన్నది. దానిని తుది మొత్తంలో సర్దుతారు. పరిహారపు హక్కును వదులుకునే లేదా తగ్గించే ఏ ఒప్పందమైనా 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు. కాబట్టి వేలిముద్ర వేసిన కుటుంబం కూడా గడువులోపల దరఖాస్తు చేసుకొనవచ్చును. జమ అయిన సొమ్మును ఆశ్రితులకు పంచేది కమిషనరే. భార్య, మైనరు కుమారులు, అవివాహిత కుమార్తెలు, వితంతువైన తల్లి ఆశ్రితులలో మొదట వస్తారు.

2017 మే 15 నుంచి అమలైన 17ఎ సెక్షన్, కార్మికుని పనిలో చేర్చుకునే సమయంలోనే పరిహారపు హక్కుల గురించి అతనికి అర్థమయ్యే భాషలో, వ్రాతపూర్వకంగా తెలియజేయాలని యజమానిని ఆదేశించింది. ఉల్లంఘనకు రూ. 50,000 నుంచి రూ. 1,00,000 వరకు జరిమానా. మహారాష్ట్రలోని నిర్మాణ సంస్థ తెలుగు, లంబాడీ మాట్లాడే కార్మికులకు మరాఠీలో నోటీసు అంటిస్తే ఈ నిబంధన నెరవేరినట్లు కాదు.

వలస కార్మికుల చట్టాలు

అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వెలువడి 1980 అక్టోబరు 2 నుంచి అమలైనది. ఒడిశాలోని దాదన్ కార్మికుల దుస్థితి దీనికి మూలం. అయిదుగురు లేదా అంతకు మించి వలస కార్మికులను నియమించిన సంస్థలకు, గుత్తేదారులకు వర్తించిన ఈ చట్టం లైసెన్సు, ఫొటోతో కూడిన పాస్‌బుక్, ప్రయాణ భత్యం, స్థానభ్రంశ భత్యం నిర్దేశించింది. మరణం లేదా తీవ్ర గాయం సంభవిస్తే రెండు రాష్ట్రాల అధికారులకు, కార్మికుని దగ్గరి బంధువుకు గుత్తేదారు తెలియజేయాలన్నది అందులోని అతి ముఖ్యమైన నిబంధన. మేస్త్రీలలో అత్యధికులు లైసెన్సు లేనివారు కావడంతో ఆ సమాచారం రాకపోవడమే రివాజు అయింది.

ఈ చట్టం స్థానంలో వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 వచ్చి 2025 నవంబరు 21 నుంచి అమలులో ఉన్నది. గుత్తేదారు తీసుకువచ్చినవారితో పాటు తమంతట తాముగా మరో రాష్ట్రానికి వచ్చి పనిలో చేరినవారిని కూడా, నెలకు రూ. 18,000 వేతన పరిమితికి లోబడి, వలస కార్మికులుగా ఇది గుర్తించింది. రెండు రాష్ట్రాల అధికారులకు, బంధువుకు ప్రమాద సమాచారం ఇచ్చే విధి కొనసాగింది. అయితే వలస కార్మికుల భాగం వర్తించుటకు సంస్థలో కనీసం 10 మంది అటువంటి కార్మికులు ఉండాలి. పాత చట్టంలోని 5 కంటే ఇది ఎక్కువ. ఆరేడుగురిని తీసుకుపోయే చిన్న మేస్త్రీ గుంపులు ఈ రక్షణకు వెలుపల మిగిలిపోయే అవకాశం ఉన్నదని గమనించవలెను. నష్టపరిహారపు హక్కుకు మాత్రం ఈ సంఖ్యతో పని లేదు.

శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం

2025 ఫిబ్రవరి 22 ఉదయం నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. శ్రీశైలం జలాశయపు నీటిని నల్లగొండ జిల్లాకు తరలించుటకు ఉద్దేశించిన, సుమారు 44 కిలోమీటర్ల ఈ సొరంగంలో ప్రమాదం 14వ కిలోమీటరు సమీపంలో జరిగింది. చిక్కుకున్నవారిలో నలుగురు జార్ఖండ్, ఇద్దరు ఉత్తరప్రదేశ్, ఒకరు పంజాబ్, ఒకరు జమ్మూకాశ్మీర్ వాసులు. ఇంజనీర్లు, యంత్ర ఆపరేటర్లు, కూలీలు అందులో ఉన్నారు. అందరి యజమాని కూడా ఒక్కరే కాదు. మార్చి నెలలో రెండు భౌతికకాయాలు లభించాయి. పంజాబ్ వాసి కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం రూ. 25 లక్షల సహాయం ప్రకటించింది.

ప్రభుత్వం ప్రకటించే సహాయం, చట్టం ప్రకారం యజమాని చెల్లించవలసిన పరిహారం వేర్వేరు. మొదటిది ఇచ్చినంతమాత్రాన రెండవది తీరిపోదు. వార్తలలో ఈ రెండింటినీ ఒకే "ఎక్స్‌గ్రేషియా" మాటతో వ్యవహరించడం వల్ల కుటుంబాలు తమకు రావలసినది వచ్చేసిందని భావించే ప్రమాదమున్నది. ఇటువంటి ఘటనలో జార్ఖండ్ కుటుంబం తన సొంత జిల్లాలో దరఖాస్తు చేయవచ్చును. అక్కడి కమిషనర్ తెలంగాణలోని కమిషనర్‌కు నోటీసు పంపుతారు. పాలమూరు కుటుంబాలకు మహారాష్ట్ర విషయంలో ఉన్న హక్కే ఇది. భౌతికకాయం లభించని సందర్భంలో మరణం రుజువు చేయడం మరొక సమస్య. ఏడేళ్లు ఆచూకీ లేనివారిని మరణించినట్లు భావించే సాధారణ సూత్రం ఉన్నప్పటికీ, అంతకుముందే పరిస్థితుల ఆధారంగా మరణాన్ని రుజువు చేయుటకు అది అడ్డంకి కాదు.

కొత్త కోడ్‌లో మారినవి

సామాజిక భద్రతా కోడ్‌లో కమిషనర్ స్థానంలో సక్షమ అధికారి ఉంటారు. మూడు చోట్లలో ఎక్కడైనా దరఖాస్తు చేసే వీలు, అసలు యజమాని బాధ్యత, హక్కును వదులుకునే ఒప్పందాలు చెల్లకపోవడం కొనసాగాయి. 50, 60 శాతాల లెక్క కూడా అదే. కనీస మొత్తాలను, వేతన పరిమితిని, వడ్డీ రేటును నిర్ణయించే అధికారం కేంద్ర ప్రభుత్వానిది. కనుక కొత్త ప్రమాదాలకు లెక్క వేసేటపుడు ఆ నాటికి అమలులో ఉన్న నోటిఫికేషన్‌ను చూడవలసి ఉంటుంది.

ముఖ్యమైన చేర్పు ప్రయాణానికి సంబంధించినది. నివాసం నుంచి పని స్థలానికి వెళుతూ లేదా తిరిగి వస్తూ ప్రమాదానికి గురైతే, ఆ ప్రమాదపు పరిస్థితులకు, సమయానికి, స్థలానికి పనితో సంబంధం ఉన్నట్లు తేలినపుడు, అది పనిలో జరిగిన ప్రమాదంగానే భావించబడుతుంది. పాత చట్టం క్రింద కూడా ఇదే అర్థం చెప్పవచ్చునని 2025 జూలై 29న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అది 2003లో డ్యూటీకి వెళుతూ మరణించిన మహారాష్ట్ర చక్కెర కర్మాగారపు కాపలాదారు కేసు. గుడిసెల నుంచి పని స్థలానికి ట్రాక్టర్లలో, టిప్పర్లలో వెళ్లే కూలీలకు ఇది ప్రయోజనకరం. సొంత గ్రామం నుంచి వందల కిలోమీటర్ల దూరంలోని పనికి మేస్త్రీ వాహనంలో పోయే ప్రయాణానికి ఇది ఎంతవరకు వర్తిస్తుందన్నది ఆ కేసులోని వాస్తవాలను బట్టి తేలవలసిన విషయం.

విదేశీ పనుల ప్రస్తావన కూడా అవసరం. భారతదేశంలో రిజిస్టరైన కంపెనీ ఇక్కడ నియమించి విదేశానికి పంపిన ఉద్యోగులకు 1995 సవరణతో చేరిన 15బి సెక్షన్ ద్వారా ఈ చట్టం వర్తించింది. విదేశీ యజమాని వద్ద నేరుగా చేరి వెళ్లేవారికి వర్తించదు. వలస అనుమతి అవసరమైన కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద రూ. 10 లక్షల ప్రమాద బీమా తప్పనిసరి.

వార్తకు గల విలువ

ప్రాణాంతక ప్రమాదం లేదా తీవ్ర గాయం జరిగిన ఏడు రోజులలోగా యజమాని కమిషనర్‌కు నివేదిక పంపాలని 10బి సెక్షన్ పేర్కొన్నది. అది రానపుడు 10ఎ సెక్షన్ ఉన్నది. పనిలో ప్రమాదం వల్ల కార్మికుడు మరణించినట్లు ఏ మార్గంలో సమాచారం అందినా కమిషనర్ యజమానికి నోటీసు పంపవచ్చును. యజమాని 30 రోజులలో మరణ పరిస్థితులను, తాను బాధ్యుడా కాదా అన్నదానిని తెలుపుతూ వివరణ ఇవ్వాలి. బాధ్యత ఉన్నదని భావిస్తే నోటీసు అందిన 30 రోజులలోనే సొమ్ము జమచేయాలి. "ఏ మార్గంలోనైనా" అన్న ఈ మాటలలోకి దినపత్రికలో వచ్చిన వార్త కూడా వస్తుంది. కుటుంబం దరఖాస్తు చేయకపూర్వమే, చదువు లేనందున అసలు చేయలేని స్థితిలో ఉన్నప్పుడు కూడా, కమిషనర్ కదలుటకు ఆ వార్త చాలును.

అయితే వార్తలో అందుకు పనికివచ్చే వివరాలు ఉండాలి. "ముంబైలో పాలమూరు కూలీ మృతి" అన్న శీర్షిక క్రింద గ్రామం, కుటుంబం వివరాలు ఉంటాయి గాని, పని ఎవరిది, ఏ సంస్థ ఆవరణ, గుత్తేదారు ఎవరు, ఏ పోలీసు ఠాణాలో కేసు నమోదైంది అన్నవి తరచు ఉండవు. శవం ఊరికి చేరిన రోజున ఈ వివరాలు తోటి కూలీల వద్ద దొరుకుతాయి. వారం తరువాత వారు తిరిగి పనికి వెళ్లిపోతారు. మండల స్థాయి అధికారులకూ ఇదే వర్తిస్తుంది. పంచనామా, శవపరీక్ష నివేదిక, ప్రథమ సమాచార నివేదిక ప్రమాద స్థలపు పోలీసుల వద్ద ఉంటాయి. వాటి నకళ్లను, తోటి కార్మికుల వాంగ్మూలాలను, చివరి నెల కూలి రేటును అప్పుడే సేకరించి జిల్లా కార్మిక శాఖ కార్యాలయానికి చేర్చినట్లయితే, ఉద్యోగానికి, వేతనానికి రుజువు లేదన్న యజమాని వాదనకు కుటుంబం తరఫున జవాబు సిద్ధంగా ఉంటుంది.